వాపసు తెచ్చుకున్న మట్టి

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సత్తుపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. "ముప్పయ్యేళ్లకు పైగా ఊళ్లు తిరిగారు, మాకేమైనా చెప్పండి సార్" అంటారు. గొడుగు మరిచిపోవద్దనీ, రైతు ఇంట్లో ఇచ్చిన మజ్జిగ కాదనొద్దనీ చెప్తాను. టీ తాగి లేస్తారు. వెళ్లేటప్పుడు పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న ఆరు ఇనుప డ్రమ్ములు వాళ్ల కంట పడతాయి. "ఏంటి సార్, డీజిల్ బిజినెస్సా?" అని ఒకతను నవ్వాడు కూడా. నేనూ నవ్వాను. వాళ్లకు చెప్పవలసినదంతా ఆ డ్రమ్ముల్లోనే ఉంది. మనిషి ఎదురుగా కూర్చుంటే ఈ ఒక్క సంగతికి నాకు నోరు రాదు. అందుకని రాస్తున్నాను.

నా బదిలీలు, ప్రమోషన్లు ఇందులో ఉండవు. సర్వీసు రిజిస్టరులో అవన్నీ నాకంటే శుభ్రంగా ఎవరో రాసిపెట్టారు.

దుకాణంలో చదువు

మాది మధిరలో కిరాణా దుకాణం. వ్యవసాయ డిగ్రీ చదివింది కాలేజీలోనే అయినా, సరుకు చూడటం నేర్చుకున్నది మాత్రం నాన్న గల్లాపెట్టె పక్కన. బస్తా వస్తే నాన్న మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. "పైన చూసి కొనేవాడు గిరాకీ, అడుగున చూసి కొనేవాడు వ్యాపారి" అనేవాడు. అది మొదటి పాఠం.

రెండోది: సరుకులో లోపం దొరికితే మొహం చిట్లించొద్దు, లోపల సంతోషించు. పురుగు కనపడిందా, రాయి కనపడిందా, ఇక మాట్లాడే హక్కు నీది. దాన్ని అరచేతిలో పెట్టి చూపించు, ధర దించు, సరుకు మాత్రం వదలకు.

మూడో పాఠం కూడా ఒకటి ఉండేది. మా దుకాణంలో కొన్నది ఎవరు వాపసు తెచ్చినా నాన్న మారుమాట లేకుండా తీసుకునేవాడు. తీసుకున్నదాన్ని ఇంకొకరికి అమ్మేవాడు కాదు. పుచ్చిన పప్పు వెనక గదిలోనే ఉండేది. అది పాతకాలపు చాదస్తం అనుకుని నేను మొదటి రెండు పాఠాలే బాగా వంటబట్టించుకున్నాను.

ఎంత వంటబట్టిందంటే, భద్రాచలంలో ఒకసారి కరకట్ట దగ్గర దువ్వెన బేరమాడుతుంటే ఆ అమ్మేవాడు విసిగి, "ఊరికే తీస్కపో అన్నా, నీకు దండం పెడ్త" అన్నాడు. తీసుకొచ్చాను. ఇంకా ఉంది, జుట్టే లేదు.

ఉద్యోగంలో ఆ బుద్ధి పనికొచ్చింది. విత్తనాలకు, ట్రాక్టరు కిరాయికి రైతుల తరఫున నేనే మాట్లాడేవాణ్ని. "మా సారు బేరానికి దిగితే అవతలోడు ఏడ్వాల్సిందే" అని వాళ్లు చెప్పుకుంటుంటే, పంట బాగా పండినప్పటికంటే ఎక్కువ పొంగిపోయేవాణ్ని. నా తప్పు అక్కడే మొలకెత్తింది.

డాక్టరమ్మ అడిగిన మాట

దమ్మపేటలో నేను పనిచేసిన రోజుల్లో పశువుల దవాఖానాలో రూతమ్మ అని డాక్టరు ఉండేవారు. నాకంటే చిన్నది, నాకంటే గట్టిది. ఒకరోజు నేను ఏదో కాగితం మీద సంతకం కోసం వెళితే ఆమె ఒక ఆవుకు పొట్ట కోసి ఆపరేషన్ చేస్తోంది. మోచేతి దాకా చెయ్యి దూర్చి తీస్తోంది. అచ్చం మా నాన్న బస్తాలో దూర్చినట్టే. వచ్చింది మాత్రం గింజలు కాదు. మెలితిరిగి తాడులా పేనుకుపోయిన కవర్లు. ఒక బకెట్ నిండింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"మా దుకాణం కవరు ఉందేమో చూడమ్మా, ఉంటే వాపసు తీసుకుంటాం" అన్నాను. నా హాస్యం అలాంటిది.

రూతమ్మ నవ్వలేదు. "సార్, ఇది కడుపులో ఇరుక్కున్నది. ఆవు ఒకసారి తిని ఊరుకోదు, నెమరేస్తది. నమిలి నమిలి సన్నగైంది పేడల పోతది. పోయింది ఎంతుంటదో ఎప్పుడన్నా ఆలోచించిండ్రా?"

"పేడకు ఏమైద్దమ్మా" అని సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. నేను చదివింది మట్టి గురించి. జవాబు ఆలోచించవలసింది నేనే.

పట్నం పెంట

నా పదవీ విరమణకు రెండేళ్లుందనగా అడవి అంచున ఉన్న ఒక కోయగూడెంలో పన్నెండు మంది రైతులతో మందులు లేని సాగు మొదలుపెట్టించాను. దానికి పశువుల పెంట కావాలి. గూడెంలో పశువులు తగ్గిపోయాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, మేత తగ్గాక ఆవులు పోయాయి. కాబట్టి పెంట బయటినుంచి రావాలి.

ఖమ్మం శివారులో శేషగిరి అనే ఆయనకు పెద్ద పశువుల కొట్టం ఉండేది. పాలు పట్నానికి పోతాయి, పేడ గుట్టలుగా మిగులుతుంది. ఆ గుట్టలు చూడగానే నాకు నోరూరింది. కొట్టం చుట్టూ హోటళ్ల ఎంగిలి, కూరగాయల చెత్త, కవర్లతో సహా పశువుల ముందు పోసి ఉండటం కూడా చూశాను. చూసి ముందుకు నడిచాను.

పన్నెండు మందిలో కుంజా లచ్చమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. అరవై దాటిన మనిషి. ఉన్నది రెండెకరాలు, వాగు పక్కన. భర్త పోయాక కోడలితో కలిసి తనే చేసుకునేది.

"పట్నం ఆవు ఏం తింటదో ఏమో సారూ. మా ఆవులు ఏం తింటుండెనో నాకెరుక."

"పేడ ఎక్కడిదైనా పేడే అమ్మా."

"గట్లంటవా? అన్నం ఏడదైనా అన్నమే, గని నువ్వు మీ ఇంట్ల తినొస్తవు, మా ఇంట్ల మజ్జిగనే తాగుతవు." పక్కనున్న వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి, "సరే తియ్యి. నువ్వు తెస్తున్నవంటే తీసుకుంట" అంది.

పెంటను కాదు, నన్ను చూసి ఒప్పుకుంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

మొదటి లారీ వచ్చింది. మిగతావాళ్లు చేలల్లో చల్లేశారు. లచ్చమ్మ చల్లలేదు. చేను మూల పోయించుకుని, కోడలితో కలిసి చాటలో కొంచెం కొంచెం వేసి చెరుగుతూ కూర్చుంది. వాళ్ల దగ్గర పెంట వేసే పద్ధతే అది. వేర్లు, రాళ్లు, గాజుపెంకులు ఏరి గానీ చేనులోకి పోనివ్వరు. నాలుగు రోజులు ఏరింది.

"ఏందమ్మా, బియ్యంల రాళ్లు ఏరినట్టు ఏరుతున్నవ్?"

"ఇటు చూడు." గట్టు మీద చిన్న కుప్ప. కవరు పీలికలు, పాల ప్యాకెట్ ముక్కలు, దాణా బస్తాల దారాలు. "ఇవి తింటే ఆవే సస్తది. మన్నుకు పెడ్తమా?"

ఆ కుప్పను నేను సంచిలో వేసుకున్నాను. లచ్చమ్మ ముఖం విప్పారింది. సారు మన కోసం కొట్లాడటానికి పోతున్నాడు అనుకుంది. నిజమే, కొట్లాడాను. కాకపోతే నేను కొట్లాడిన విషయం వేరు.

గొప్ప బేరం

శేషగిరి ముందు బల్ల మీద ఆ సంచి బోర్లించాను. నాన్న చెప్పిన రెండో పాఠం అక్షరం పొల్లుపోకుండా.

"ఇదేంది గిరిగారూ? పెంటకు డబ్బులిచ్చినమా, చిత్తు కవర్లకిచ్చినమా?"

"సారూ, పట్నపు గొడ్లు. కవర్లు తినకుంటే ఎట్ల బతుకుతయి? మీరు జర అర్థం చేసుకోవాలె."

"నేను అర్థం చేసుకుంట. రైతులు చేసుకోరు. వద్దంటున్నరు."

అది అబద్ధం. ఒక్కతే వద్దంది. కానీ బేరంలో ఒకటిని పన్నెండు చెయ్యడం నాకు కొత్త కాదు. గంటసేపు గుంజాం. నేను రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లాను, ఆయన రెండుసార్లు వెనక్కి పిలిచాడు. చివరికి ధర బాగా దిగింది. అప్పుడు నేను లేస్తూ లేస్తూ, కూరగాయల మీద కొత్తిమీర అడిగినట్టు, ఇంకొకటి అడిగాను.

"మీ దగ్గర ఎండు పేడ పొడి చేసే మిషన్ ఉంది గదా. మా సరుకు దాంట్ల వేసి పంపండి. చూడటానికి బాగుండాలె. కవరు ముక్క కనపడితే మళ్ల వస్త."

"గదెంత పని సారూ" అన్నాడు శేషగిరి.

నిజంగా ఎంత పనో మా ఇద్దరికీ తెలియలేదు. మిషన్‌లో వెయ్యబోయే ముందు కవర్లు ఏరి తీసేస్తారా అని నేను అడగలేదు. తోచక కాదు. అడిగితే దానికి కూలి అంటాడు, ధర మళ్లీ ఎక్కుతుంది. అందుకే అడగలేదు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతిపెద్ద తప్పు, నోరు మెదపకుండా చేసినదే.

రెండో లారీ పెంట కాఫీపొడిలా వచ్చింది. రైతులు చేతుల్లోకి తీసుకుని మురిసిపోయారు. లచ్చమ్మ చాట పట్టుకుని కూర్చుంది. చాలాసేపు చెరిగింది. ఏమీ దొరకలేదు.

"ఆ కవర్లన్ని ఏడవోయినయి సారూ?"

"తీసేసిండ్రమ్మా" అన్నాను.

ఆమె నా మొహం వంక ఒక క్షణం చూసింది. తర్వాత చాట పక్కన పెట్టి, చల్లమని కోడలికి చెప్పింది.

ఉప్పునీళ్లు

ఆ ఏడు పంట బాగా వచ్చింది. ఈ మాట దాచకుండా చెప్పాలి. మిరప కాసింది, వరి పండింది. గూడెంలో నాకు కొత్త తువ్వాలు కప్పారు.

మరుసటి వానాకాలం, మొదటి జల్లు పడ్డాక లచ్చమ్మ నుంచి కబురు వచ్చింది. వెళ్లేసరికి ఇంటిముందు ఒక బకెట్ ఉంది. ఉప్పునీళ్లు. వరి విత్తనాలను ఉప్పునీళ్లలో పోస్తే గట్టి గింజ అడుగుకు పోతుంది, తాలు పైకి తేలుతుంది. ప్రతి ఏడూ ఊరూరా నేను చేసి చూపించే పాఠమే అది.

"విత్తనం చూసినవా? బాగుందా?"

"విత్తనం బాగనే ఉంది. కూసో సారూ."

కొంగులో కట్టి తెచ్చిన మట్టి విప్పింది. తన చేను మట్టి. బకెట్‌లో వేసి కర్రతో కలిపి, చేతులు తుడుచుకుని కూర్చుంది. ఇద్దరం చూస్తున్నాం. మట్టి నెమ్మదిగా దిగింది. నీళ్లు తేటపడ్డాయి. పైన సన్నని తెట్టు నిలిచింది. గడ్డి నలకలు కొన్ని. వాటి మధ్య తెలుపు, నీలం, పచ్చ రవ్వలు. ఎండకు మెరుస్తున్నాయి.

"వాన పడ్డంక చేన్ల మెరుస్తుంటే అభ్రకం అనుకున్న. మా దగ్గర అభ్రకం ఏడిది? నువ్వే చెప్తివి గదా, తాలు పైకి తేలుతదని. ఏసి చూసిన."

నేను వేలితో ఆ తెట్టు తీసి ఆరబెట్టాను. గడ్డి నలక వేళ్ల మధ్య నలిపితే పొడైంది. రవ్వలు కాలేదు. అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టాను. ముడుచుకుపోయి ఆ వాసన వచ్చింది. ఆ వాసన ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"తీసేసిండ్రంటివి" అంది లచ్చమ్మ. కోపంగా కూడా కాదు.

ఏరడానికి వీలున్నంత పెద్దగా ఉన్నవాటిని, చాటకూ చేతికీ దొరకనంత చిన్నవిగా చేయించింది నేను. అదీ ఉచితంగా.

పై అధికారి మాట

మా పై అధికారి చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు. "పంట వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. "మట్టి పరీక్ష చేయించినవా?" చేయించాను. నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ బాగున్నాయి. కవరు రవ్వలకు ఆ కాగితంలో గడి లేదు.

"మరి ఏమని రాయమంటవయ్యా? దీనివల్ల ఏమైతదో నీకు తెల్సా?"

"తెలియదు సార్."

"నాకూ తెల్వదు. రిటైర్మెంటుకు పది నెలలు లేదు. రైతులను ఎందుకు బెదరగొడ్తవు? ఈసారి నుంచి ఆ పెంట ఆపెయ్, అయిపోతది."

రూతమ్మను అడిగితే ఆమె కూడా తెలియదనే చెప్పింది. పంటకు ఏమవుతుందో, తిన్నవాళ్లకు ఏమవుతుందో తన దగ్గర జవాబు లేదంది. "కానీ సార్, తెలియదనే మాట దాచిపెట్టనీకె కారణం కాదు. చెప్పనీకె కారణం" అంది.

మిగతావాళ్లకు నేనే చెప్తానని లచ్చమ్మతో అన్నాను గానీ, పది రోజులు దాచిపెట్టాను. భయమా అంటే కొంత. అసలు కారణం ఇంకా చిన్నది. బేరంలో మోసపోయానని పన్నెండు మంది ముందు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. పైగా మోసం చేసినవాడు శేషగిరి కాదు. అతను నేను అడిగిందే ఇచ్చాడు.

ఆ పది రోజుల్లో ముందే మాట్లాడి ఉంచిన మూడో లారీ వచ్చేసింది. నేను కబురు పంపేలోపు నలుగురు చేలల్లో చల్లేశారు.

ఈ రాత మీకోసం అన్నాను కదా. ఇదిగో, ఇక్కడ ఆగండి. తెలియక చేసినదాన్ని మనుషులు క్షమిస్తారు. తెలిశాక మీరు ఎన్ని రోజులు ఊరుకున్నారో వాళ్లు లెక్కపెడతారు. మీరూ పెట్టుకుంటారు. సరుకులో లోపం దొరికితే దుకాణదారుడు ధర దించుకోవచ్చు, ఎందుకంటే పుచ్చిన పప్పు పారెయ్యడానికి చోటుంటుంది. మట్టిలోకి పోయేదాని మీద బేరం లేదు. అయితే తీసుకోవాలి, లేదా వద్దనాలి.

ఏడ పోద్దాం

పదకొండో రోజు బకెట్, ఉప్పు పట్టుకుని గూడెంలో ఇంటింటికీ తిరిగాను. ప్రతి రైతు చేను మట్టి వాళ్ల ముందే నీళ్లలో వేశాను. ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన, "పంట మంచిగనే వచ్చింది గదా, ఎందుకు పరేషాన్ అయితవు సారూ" అని నన్నే ఓదార్చాడు. తిట్టిన ఇంట్లోంచి బయటికి రావడమే తేలికగా అనిపించింది.

లచ్చమ్మ చేను చివర మిగిలింది. రెండో లారీ పెంటను ఆమె చేను మూల కుప్ప పోయించాం. రవ్వలు ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆమె మరుసటేటికి విత్తనం కట్టుకునేది కూడా ఆ మూలలోనే. బీర, చిక్కుడు, జొన్న. వాళ్ల అత్త కాలం నుంచి ఆ మూల విత్తనమే ఇంటి విత్తనం.

"ఇవి ఎన్నడు కరుగుతయి సారూ?"

జీవితంలో ఎవరు ఎంత చెప్పినా నేను తిరిగి ఒక మాట చెప్పకుండా ఉండలేదు. అది నా జబ్బు. ఆరోజు ఉన్నమాటే చెప్పాను.

"కరగవమ్మా. ఇంకా చిన్నగైతయి, అంతే."

"చేనంత తియ్యనీకె రాదు. మన్నంత తీస్తే ఇంక చేనేడిది?" ఆ మూల చుట్టూ కర్రతో గీత గీసింది. "ఇంత జాగ తీస్త."

కోడలు, ఆమె, నేను. పారతో పైపొర గీకి తట్టలకెత్తాం. నా చేతులు మొదటి గంటకే బొబ్బలెక్కాయి. "సారుకు నోరే పనిచేస్తది, చేతులు కాదు" అని కోడలు నవ్వింది. ఆ మూలంతా ఎర్రగా, చర్మం లేచినట్టు అయింది. తట్టలు నిండి వరుసగా ఉన్నాయి. అప్పుడు లచ్చమ్మ అడిగింది.

"ఏడ పోద్దాం?"

వాగులో పోస్తే గోదారికి పోతుంది. అడవిలో పోస్తే పశువు తింటుంది. గట్టు అవతల పోస్తే వాన మళ్లీ తెస్తుంది, లేదా పక్కవాడి చేనుకు ఇస్తుంది. వెనక గదిలో పుచ్చిన పప్పు బస్తా పెట్టి తలుపు వేసే నాన్న నాకు అప్పుడు కనిపించాడు.

"నేను తీసుకుపోత" అన్నాను.

"మన్నా? ఏం జేస్కుంటవు?"

"అమ్మింది నేను. వాపసు తీసుకోవాలె గదా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఖాళీ ఎరువుల బస్తాలు తెచ్చి, తన చేత్తో నింపి, మూతులు కట్టి ఇచ్చింది. ట్రాలీ ఆటోలో వేసుకుని సత్తుపల్లి తెచ్చుకున్నాను. పెరట్లో పెట్టాను. ఎండాకాలం గడిచాక ఒకరోజు జరుపుదామని పట్టుకుంటే బస్తా నా చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. అది కూడా ప్లాస్టిక్ బస్తానే. మట్టిలోంచి తీసినదాన్ని మళ్లీ అదే మట్టిలో కలుపుతూ కూర్చున్నాను. మధిరలో దుకాణం నడిపే మా తమ్ముడికి ఫోన్ చేసి ఖాళీ నూనె డ్రమ్ములు అడిగాను. "జీవితమంతా బేరాలాడి చివరికి మట్టి కొన్నావా అన్నయ్యా?" అన్నాడు. డ్రమ్ములకు మాత్రం పైసా తగ్గించలేదు. నేనూ అడగలేదు.

లచ్చమ్మ ఇప్పుడు రెండు ఆవులు కట్టుకుంది. గీకిన మూలలో వాటి పేడే వేస్తోంది. మొదటి ఏడు అక్కడ చిక్కుడు సరిగా రాలేదు. రెండో ఏడు కొంచెం వచ్చింది. మిగతా చేను అలాగే ఉంది, వానపడ్డాక ఇంకా మెరుస్తూనే ఉంటుందట.

దమ్మపేట సంతకు వచ్చినప్పుడల్లా కోడలి ఫోన్‌లోంచి నాకు ఫోన్ చేస్తుంది. నా ఆరోగ్యం అడుగుతుంది, మా ఆవిడ మోకాళ్ల నొప్పి అడుగుతుంది. చివర్లో, దూరాన ఇచ్చిన పిల్ల సంగతి అడిగినట్టు, గొంతు తగ్గించి అడుగుతుంది.

"మా మన్ను ఎట్లున్నది సారూ?"

"అట్లనే ఉన్నదమ్మా" అంటాను.